తోలుబొమ్మలాట: వెలుగులో చూడవలసిన చిత్రం

విదేశాల్లోని తెలుగువారి ఇళ్ళలో తోలుబొమ్మ ఈ రోజుల్లో అరుదైన వస్తువు కాదు. హస్తకళల ప్రదర్శనలో కొన్న రాముడో, నాట్యభంగిమలో నిలిచిన స్త్రీమూర్తో గాజు పలక వెనుక చట్రంలో ఒదిగి, గోడకు ఆనుకొని కనిపిస్తూ ఉంటుంది. చూసినవారు రంగులను మెచ్చుకుంటారు, పనితనాన్ని మెచ్చుకుంటారు. ఆ మెప్పులో అబద్ధమేమీ లేదు. కాని గోడకు ఆనిన బొమ్మ వెనుకనుంచి వెలుగు రాదు. చట్రంలో బిగిసిన బొమ్మ చెయ్యి ఎత్తదు. గాజు వెనుక బొమ్మకు గొంతు ఉండదు. తోలుబొమ్మ ఈ మూడింటికోసమే తయారైన వస్తువు. వాటిని తీసివేసిన తరువాత మిగిలేది ఆ కళలో కొంత భాగం మాత్రమే.

చిత్రకళను ఒకచోట, సంగీతనాటకాలను మరొకచోట చూడటం నేటి అలవాటు. మొదటిదానికి మ్యూజియం, రెండవదానికి రంగస్థలం. తోలుబొమ్మలాట ఈ విభజనకు లొంగదు. అది ప్రదర్శించబడే చిత్రం, చిత్రించబడిన నాటకం. అందుచేత దానిని ఆస్వాదించడం నేర్చుకుంటే, ఒక కళారూపాన్ని దాని పరిస్థితులతో కలిపి చూడటమంటే ఏమిటో కూడా తెలుస్తుంది. ఈ వ్యాసం ఉద్దేశం ఆ చూపుకు కావలసిన కొన్ని ఆధారాలను సమకూర్చడమే.

తోలులో చిత్రం

ఆంధ్రదేశపు తోలుబొమ్మలు నేడు ఎక్కువగా మేకతోలుతో తయారవుతున్నాయి. పూర్వం దేవతాపాత్రలకు జింకతోలు వాడేవారని చెబుతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత ఆ ప్రసక్తి లేదు. తోలును నానబెట్టి, వెంట్రుకలను గీకి, సాగదీసి ఆరబెడతారు. చెప్పులకు, సంచులకు వాడే తోలులాగా దీనిని ఊనవేయరు. ఊనవేస్తే తోలు మెత్తబడి దళసరిగా తయారవుతుంది, వెలుగును అడ్డుకుంటుంది. ఊనవేయకుండా ఆరబెట్టిన పలుచని తోలు గట్టిగా, నూనె కాగితంలాగా పారభాసకంగా ఉంటుంది. ఈ కళకు మూలం ఆ గుణమే.

తోలుమీద మొనదేలిన పనిముట్టుతో రేఖలు గీసి, ఆపైన చిన్న చిన్న ఉలులతో రంధ్రాలు తొలుస్తారు. ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. బొమ్మమీద ఉన్న కిరీటపు రత్నాలను, కంఠహారాన్ని, వడ్డాణాన్ని, చీర అంచును చేసినవి ముఖ్యంగా రంగులు కావు, ఆ రంధ్రాలు. తెరమీద రంగు తోలుగుండా వచ్చిన వెలుగు ఎరుపుగా, ఆకుపచ్చగా కనిపిస్తే, రంధ్రంగుండా వచ్చిన వెలుగు ఏ రంగూ అంటకుండా నేరుగా మెరుస్తుంది. అందుకే తెరమీద నగలు మిగతా శరీరం కంటె కాంతిమంతంగా ఉంటాయి. చిత్రకారుడు నగను గీయలేదు. నగ ఉండవలసినచోట తోలును తీసివేశాడు. గోడకు ఆనిన బొమ్మలో ఆ రంధ్రాలగుండా మనకు కనిపించేది గోడ సున్నమే. పనితనం అర్థమవుతుంది కాని దాని ప్రయోజనం కనిపించదు.

రంగుల విషయంలోనూ ఇదే సూత్రం. పూర్వం మొక్కలనుంచి, ఖనిజాలనుంచి తీసిన రంగులు వాడేవారు. ఇప్పుడు ఎక్కువగా అంగడిలో దొరికే సిరాలు వాడుతున్నారు. ఏవైనా సరే, అవి వెలుగును ఆపకుండా తమలోనుంచి పోనివ్వాలి. సాధారణంగా తోలుకు రెండువైపులా రంగు పూస్తారు. నలుపు మాత్రం వెలుగును పూర్తిగా ఆపే రంగు. దానిని రేఖలకు, జుట్టుకు, కనుబొమలకు వాడతారు. వెలుగు ఏ మాత్రమూ రాని నలుపు, రంగుగా మారి వచ్చే వెలుగు, నేరుగా వచ్చే వెలుగు: ఈ మూడు అంతస్తులతో చిత్రం కూడుతుంది. ఒక బొమ్మ బాగున్నదో లేదో తేల్చుకోవడానికి ఈ మూడింటి పాళ్ళను గమనించడం మంచి కొలమానం. రంధ్రాలు మరీ ఎక్కువైతే బొమ్మ చెదిరినట్టు కనిపిస్తుంది. మరీ తక్కువైతే బరువెక్కుతుంది.

ముఖాలు ఎక్కువగా పక్కవాటుగా ఉంటాయి. కన్ను మాత్రం పెద్దదిగా, సూటిగా కనిపిస్తుంది. శ్రీ సత్యసాయి జిల్లాలోని లేపాక్షి ఆలయపు 16వ శతాబ్ది కప్పు చిత్రాలను చూసినవారికి ఈ పక్కవాటు ముఖమూ, మొనదేలిన ముక్కూ, విశాలమైన కన్నూ పరిచయమైనవే. తోలుబొమ్మల తయారీకి నేడు ప్రసిద్ధమైన నిమ్మలకుంట గ్రామం కూడా అదే జిల్లాలో, ధర్మవరం సమీపంలో ఉంది. ఏది దేనినుంచి వచ్చిందని తేల్చే పని ఇక్కడ పెట్టుకోనవసరం లేదు. ఒకే చిత్రభాష రాతి కప్పుమీదా, తోలుమీదా బతికిందని గుర్తిస్తే చాలు. పైగా పక్కవాటు ముఖం ఆటకు అనుకూలమైనది. ఇద్దరు పాత్రలు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకోవడం ఈ నాటకంలో ప్రధానవ్యాపారం కనుక, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారన్నది ముక్కు తిరిగిన దిక్కే చెబుతుంది.

తెర, దీపం, చెయ్యి

తెర అంటే బిగించి కట్టిన తెల్లని బట్ట. దాని వెనుక దీపం, దీపానికీ తెరకూ నడుమ బొమ్మ, బొమ్మ వెనుక మనిషి. పూర్వం ఆముదపు దీపాలు ఉండేవి. తరువాత పెట్రోమాక్స్ లైట్లు, ఆపైన విద్యుద్దీపాలు వచ్చాయి. ఆంధ్రదేశపు బొమ్మలు పెద్దవి, కొన్ని మనిషి ఎత్తుకు దగ్గరగా ఉంటాయి. బొమ్మ నడుమ నిలువుగా ఒక బద్ద ఉంటుంది. భుజాలు, మోచేతులు వంటి కీళ్ళవద్ద తోలుముక్కలను దారంతో ముడివేస్తారు. చేతులకు కట్టిన చిన్న పుల్లలతో వాటిని ఆడిస్తారు. నర్తకి బొమ్మకు మిగతావాటి కంటె ఎక్కువ కదలిక కావాలి కనుక తల, నడుము వంటి భాగాలను కూడా విడిగా చేసి కూర్చడం కనిపిస్తుంది.

బొమ్మ తెరకు అతుక్కొని ఉన్నప్పుడు రేఖలు స్పష్టంగా, రంగులు నిండుగా కనిపిస్తాయి. తెరనుంచి కొంచెం వెనక్కు, దీపంవైపు జరిపితే ఆకారం పెద్దదై అంచులు మసకబారుతాయి. ఇంకా జరిపితే కరిగిపోయినట్టు మాయమవుతుంది. ఈ కొద్దిపాటి భౌతికశాస్త్రమే ఆటగానికి వ్యాకరణం. పాత్ర ప్రవేశించడం, అదృశ్యం కావడం, హనుమంతుడు ఆకాశానికి ఎగరడం, మాయావులు రూపం మార్చడం, ఇవన్నీ తెరకూ బొమ్మకూ మధ్య దూరాన్ని మార్చడం ద్వారా సాధ్యమవుతాయి. సినిమాలో కటకం చేసే పనిని ఇక్కడ మోచెయ్యి చేస్తుంది.

దీపం స్వభావం కూడా చిత్రంలో భాగమే. నూనెదీపపు మంట నిలకడగా ఉండదు. గాలికి అది ఊగినప్పుడల్లా తెరమీద రంగులు స్వల్పంగా కంపిస్తాయి, కదలకుండా నిలిచిన పాత్ర కూడా ఊపిరి పీలుస్తున్నట్టు అనిపిస్తుంది. విద్యుద్దీపం వచ్చినప్పుడు కాంతి పెరిగింది, రంగులు తేటపడ్డాయి, కాని ఆ కంపనం పోయింది. దానిని చేతి కదలికతో పూరించవలసిన బాధ్యత ఆటగానిమీద పడింది. ఒక సాంకేతికమైన మార్పు కళలో ఒకచోట సౌకర్యం కలిగించి, మరొకచోట కొత్త పని పెట్టడానికి ఇది మంచి ఉదాహరణ.

గొంతు

తోలుబొమ్మలాటకు సాహిత్యాధారంగా ఎక్కువగా చెప్పుకొనేది 13వ శతాబ్ది రంగనాథ రామాయణం. అది ద్విపద కావ్యం. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. రెండేసి పాదాలకు ప్రాస. వృత్తపద్యాన్ని దీర్ఘంగా రాగం తీసి పాడుతుంటే బొమ్మ అంతసేపూ ఏం చేయాలన్న సమస్య వస్తుంది. ద్విపద చిన్న చిన్న అడుగులతో ముందుకు నడుస్తుంది. ఒక పాదానికి ఒక చేతి కదలిక, ఒక జంటకు ఒక భంగిమ అన్నట్టుగా మాటకూ చేతికీ పొత్తు కుదురుతుంది. ద్విపదను పామరుల ఛందస్సని చిన్నచూపు చూసిన పండితులు లేకపోలేదు గాని, ఆ సులువైన నడకే దానిని తెర వెనుకకు చేర్చింది. సుందరకాండ, లక్ష్మణమూర్ఛ, మైరావణ చరిత్ర, విరాటపర్వం వంటి కథలు ప్రసిద్ధమైనవి. విరాటపర్వం ఆడిస్తే వానలు పడతాయన్న నమ్మకం పల్లెల్లో ఉండేది.

పద్యభాగాల నడుమ వచనం వస్తుంది. కథను విడమరచి చెప్పేది, పాత్రల వాదోపవాదాలను నడిపేది ఆ వచనమే. దీనికి తోడు మూడవ స్థాయి ఒకటి ఉంది: హాస్యగాళ్ళ భాష. జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు వంటి పాత్రలకు రామాయణంలో చోటు లేదు. వారు ఆ ఊరి యాసలో మాట్లాడతారు, ఆ ఊరి పెద్దలను వెక్కిరిస్తారు, మొరటు సరసాలాడతారు, నిద్రపోతున్నవారిని లేపుతారు. నాగరిక ప్రేక్షకుడు వీరిని కథకు అడ్డంకిగా భావించడం కద్దు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 1984లో తోలుబొమ్మలాటపై సిద్ధాంతగ్రంథం సమర్పించిన జొనాథన్ గోల్డ్‌బర్గ్‌బెల్ దీనికి భిన్నంగా చూశాడు. ఆ తరువాత రాసిన ఒక వ్యాసానికి పగ్గాలు హాస్యగాళ్ళ చేతిలోనే ఉన్నాయన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. రాత్రంతా సాగే ఆటలో పురాణకాలానికీ ప్రేక్షకుడు కూర్చున్న కాలానికీ మధ్య రాకపోకలు సాగించేది వారే అని గమనిస్తే, ఆ పేరులోని ఔచిత్యం తెలుస్తుంది.

శబ్దం కూడా దృశ్యంలో భాగమే. హార్మోనియం, మృదంగం, తాళాలు, గజ్జెలతో పాటు, ఆటగాళ్ళ కాళ్ళకింద చెక్కపలకలు ఉంటాయి. యుద్ధఘట్టంలో వాటిపై దబదబ తొక్కుతూ బొమ్మలను ఢీకొట్టిస్తారు. బొమ్మను పట్టుకున్న మనిషి పాడుతూ, తొక్కుతూ, తానే ఆ పాత్ర అయినట్టు ఊగుతాడు. తెర ముందున్నవారికి అతడు కనిపించడు, కాని అతని శరీరపు ఊపు బొమ్మలోకి దిగుతుంది. స్త్రీపాత్రలకు ఆ కుటుంబంలోని స్త్రీలే గొంతునిస్తారు. అందువల్ల బృందమంటే తరచు ఒక కుటుంబమే.

ఆ కుటుంబాల గురించి ఒక విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తోలుబొమ్మలాట ఆడించేవారిలో అధికులు ఆరెవారు. వారి ఇంటిభాష మరాఠీకి చెందిన ఒక మాండలికం. ఇంట్లో ఒక భాష మాట్లాడుకుంటూ, తెర వెనుక తెలుగు ద్విపదను తరతరాలుగా నోటికి నేర్చుకొని నిలుపుకున్నారు. తెర చాటునుంచి బొమ్మలతో భారతకథలను ఆడించేవారి ప్రస్తావన పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలో శ్రీశైల వర్ణనలో ఉంది కనుక, ఈ కళ తెలుగునేలమీద చాలా పాతది. దానిని మన కాలందాకా మోసుకొచ్చినవారిలో ఎక్కువమందికి మాత్రం తెలుగు తల్లిభాష కాదు.

ఇరుగుపొరుగు నీడలు

ఒక కళ ప్రత్యేకత దాని పొరుగు కళల పక్కన పెట్టినప్పుడు స్పష్టమవుతుంది. ఇండొనేసియాలోని జావా ద్వీపపు వాయంగ్ కులిత్ బొమ్మలు గేదెతోలువి, దళసరివి. వాటికి ఎన్ని రంగులు వేసినా తెరమీద పడేది ప్రధానంగా నల్లని నీడ, దానిలో రంధ్రాల అల్లిక. అక్కడ దలాంగ్ అనే ఒకే ఒక కళాకారుడు బొమ్మలన్నింటినీ ఆడిస్తూ, గొంతులన్నింటినీ పలుకుతూ, వాద్యబృందాన్ని కూడా నడుపుతాడు. మలేసియాలో ఉన్నవారు కెలంతాన్ ప్రాంతపు వాయంగ్ కులిత్‌ను చూసే ఉంటారు. అక్కడ కూడా రామకథే ప్రధానం. కేరళ తోల్పావకూత్తులో బొమ్మలు నల్లని నీడలే. భద్రకాళి ఆలయాల వద్ద ప్రత్యేకంగా కట్టిన మాడాల్లో కంబరామాయణాన్ని వ్యాఖ్యానంతో రాత్రులపాటు ఆడతారు. తరచు ఎదురుగా ప్రేక్షకులే ఉండరని, ఆట అమ్మవారికోసమే సాగుతుందని స్టూఅర్ట్ బ్లాక్‌బర్న్ 1996లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. ఒడిస్సా రావణఛాయలో బొమ్మలు చిన్నవి, కీళ్ళు లేనివి, రంగు లేనివి.

వీటి మధ్య ఆంధ్రదేశపు తోలుబొమ్మ స్థానం గుర్తించదగినది. బొమ్మ పెద్దది, తోలు పారభాసకమైనది, కదలిక ఎక్కువ. ఒకరికి బదులు పలువురు ఆడించే ఆట ఇది. కనుక ఇక్కడ తెరమీద పడేదాన్ని నీడ అనడంకంటె రంగుల వెలుగు అనడం సరైనది. కేరళలో ప్రేక్షకుడు లేకున్నా ఆట సాగుతుంది. ఇక్కడ ప్రేక్షకుడు లేకపోతే జుట్టుపోలిగాడికి పనిలేదు. ఒక సంప్రదాయం ఇంకొకదానికంటె గొప్పదని తేల్చడానికి ఈ పోలికలు పనికిరావు. ప్రతిదీ తోలు మందంనుంచి ప్రేక్షకుని ఉనికిదాకా వేర్వేరు నిర్ణయాలు చేసుకుందని మాత్రం చెబుతాయి.

ప్రేరణ పొందటమంటే

ఒక కళనుంచి ప్రేరణ పొందడానికి రెండు దారులున్నాయి. ఒకటి ఆకారాన్ని తీసుకోవడం. తోలుబొమ్మ ముఖాన్ని చీర అంచుమీద, కప్పుమీద, ఆహ్వానపత్రంమీద ముద్రించడం ఈ కోవలోనిది. అందులో తప్పేమీ లేదు, కాని ఆ ముద్రకు తోలుతోనూ వెలుగుతోనూ సంబంధం తెగిపోయింది. రెండవది పద్ధతిని తీసుకోవడం. న్యూయార్కు బ్రాడ్వేమీద 1997లో మొదలైన లయన్ కింగ్ నాటకాన్ని మన పాఠకులు చాలామంది పిల్లలతో కలిసి చూసి ఉంటారు. దాని దర్శకురాలు జూలీ టేమర్ యౌవనంలో కొన్నేళ్ళు ఇండొనేసియాలో ఉండి అక్కడి బొమ్మలాటలను, ముసుగు నాటకాలను దగ్గరగా గమనించింది. ఆ నాటకంలో నీడబొమ్మలున్నాయి. అంతకంటె ముఖ్యంగా, జంతువు బొమ్మనూ దానిని ఆడించే మనిషినీ ఒకేసారి చూపించి, ప్రేక్షకుని ఊహ రెంటినీ కలుపుకొంటుందని ఆమె నమ్మింది. జావా బొమ్మల ఆకారాలు అందులో వెతికితే దొరకవు. బొమ్మలాటనుంచి నేర్చుకున్న నమ్మకం మాత్రం అడుగడుగునా కనిపిస్తుంది.

ఈ కొలతతో చూస్తే, నిమ్మలకుంటలో తయారయ్యే లాంప్‌షేడ్లను గురించి కొత్తగా ఆలోచించవలసి వస్తుంది. ఆటకు ఆదరణ తగ్గాక అక్కడి కుటుంబాలు దీపాల తొడుగులు, గోడకు వేలాడదీసే చిత్రాలు చేసి జీవనం సాగిస్తున్నాయి. ఆ గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. లాంప్‌షేడ్‌ను కళాపతనంగా భావించేవారున్నారు. కాని చట్రంలో బిగించిన బొమ్మతో పోల్చితే లాంప్‌షేడే ఈ కళకు ఎక్కువ విశ్వాసపాత్రంగా ఉంది. దానిలో కదలిక లేదు, గొంతు లేదు, కాని వెలుగు ఉంది. రంధ్రాలు మళ్ళీ నగలవుతాయి, రంగులు మళ్ళీ వెలుగుతాయి. మూడింటిలో ఒకటి మిగిలింది.

చిక్కంతా మిగిలిన రెండింటితోనే. తోలు తొలిచే నేర్పు మార్కెట్టు ఆధారంతో నిలబడుతున్నది, ఎందుకంటే అది కొనదగిన వస్తువుగా మారింది. ద్విపదను నోటికి పాడే నేర్పును, ఇద్దరు ముగ్గురు కలిసి యుద్ధాన్ని ఆడించే నేర్పును పొట్లం కట్టి పంపడం కుదరదు. వాటిని నిలబెట్టేది వినే చెవులు, కూర్చునే ఓపిక. కుటుంబంలోని యువతరం ఉలి పట్టడం నేర్చుకొని పాట నేర్చుకోకపోతే, తరువాతి తరానికి అందేది బొమ్మ మాత్రమే, ఆట కాదు.

ఇందులో మనకు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి, అన్నీ చిన్నవే. ఇంట్లో ఉన్న బొమ్మను గోడనుంచి కొంత దూరం జరిపి, కిటికీకి ఎదురుగానో, వేడి తక్కువగా పుట్టే ఎల్ఈడీ దీపం ముందో వేలాడదీయవచ్చు. ఎక్కువ వేడి, చెమ్మ, నేరుగా పడే ఎండ తోలుకు చేటు. కొత్తగా కొనేటప్పుడు బొమ్మను వెలుగుకు ఎత్తి పట్టి చూసి ఎంచుకోవచ్చు. చేసినవారి పేరు, ఊరు అడిగి రాసుకోవచ్చు. కీళ్ళు కదిలే బొమ్మ కావాలని అడగవచ్చు. అలా అడిగేవారుంటే కీళ్ళు కూర్చే పని బతుకుతుంది. పిల్లలకు ఒక దుప్పటి, ఒక దీపం, ఒక బొమ్మ ఇచ్చి తెరకు దగ్గరగా, దూరంగా జరిపి చూడమంటే, వ్యాసాలు చెప్పలేని సంగతి వారికి ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది.

అన్నింటికంటె ముఖ్యమైనది కాలం. తెలుగు సంఘాల ఉత్సవాల్లో సినిమా పాటల నడుమ పది నిమిషాల వ్యవధి ఇచ్చి తోలుబొమ్మలాటను చూపించమంటే, బృందం చూపగలిగేది ఒక నర్తకిని, ఒక చిన్న పోరును మాత్రమే. ద్విపద నడక అందుకోవడానికి, హాస్యగాడు సభను పసిగట్టి మాటలు కలపడానికి ఆ వ్యవధి చాలదు. ఒక బృందాన్ని పిలిచే అవకాశం వస్తే, సభ చిన్నదైనా సరే, ఒక కథను ఆసాంతం ఆడించమని కోరడం ఆ కళకు చేయగలిగిన మేలు. ఇతర భాష ఇంటిభాషగా ఉన్నవారు మన ద్విపదను ఇంతకాలం కంఠస్థం చేసి కాపాడారు. ఆ భాష ఇంటిభాషగా ఉన్నవారు రెండు మూడు గంటలు తెర ముందు కూర్చోవడం పెద్ద కోరికేమీ కాదు.